టీడీఎస్‌ మీటరు చెప్పని సంగతులు

బోరు నీళ్లు తేటగా ఉన్నాయి. రుచి కూడా ఫర్వాలేదు. మీటరు పెడితే అంకె హద్దులోనే ఉంది. మరి ఆ నీళ్లు పిల్లలకు పట్టొచ్చా? దీనికి జవాబు కంటికి తెలియదు, నాలుకకు తెలియదు, చేతిలో పట్టే చిన్న మీటరుకూ తెలియదు. తెలిసేది ప్రయోగశాలకే. అక్కడ ఏం కొలుస్తారు? ఎలా కొలుస్తారు? ఆ కాగితాన్ని మనం ఎలా చదువుకోవాలి?

బడంగ్‌పేట్, అల్మాస్‌గూడ, నాదర్‌గుల్, మామిడిపల్లి... ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల కొత్త కాలనీల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లందరికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న నీళ్లదే. బోరు నీళ్లు వాడకానికి, కృష్ణా నీళ్లు లేదా క్యాను తాగడానికి, ఎండాకాలం వస్తే ట్యాంకరు. ఈ లోగా ఎవరో ఒకరు ఫిల్టరు అమ్మడానికి గుమ్మంలోకి వస్తారు. రెండు గ్లాసులు పెట్టమంటారు. ఒకదాంట్లో మీ బోరు నీళ్లు, మరోదాంట్లో వాళ్ల యంత్రంలోంచి వచ్చిన నీళ్లు. రెండింట్లోనూ కరెంటు తీగలున్న పరికరం ఒకటి ముంచుతారు. రెండు నిమిషాల్లో మీ గ్లాసు తుప్పు రంగులోకి మారి, పైన తెట్టు కడుతుంది. రెండో గ్లాసు తేటగానే ఉంటుంది. ‘‘చూశారా మేడమ్, ఇన్నాళ్లూ మీరు తాగింది ఇదీ!’’ అంటారు. చూసిన అమ్మమ్మ గుండె జారిపోతుంది.

నిజానికి ఆ తుప్పు మీ నీళ్లలోది కాదు. ఆ పరికరానికున్న ఇనుప కడ్డీలది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, కరెంటు పారితే ఇనుము కరుగుతుంది, కరిగిన ఇనుము తుప్పుగా తేలుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటు పారదు, రంగు మారదు. నిక్షేపమైన కొబ్బరినీళ్లలో ముంచినా ఇదే జరుగుతుంది. అంటే ఈ ప్రదర్శన నీళ్లలో విషం ఉందని చెప్పదు, లేదనీ చెప్పదు. భయం ఒక్కటే మిగులుతుంది.

మీటరు కొలిచేది ఏమిటి?

టీడీఎస్‌ అంటే నీళ్లలో కరిగి ఉన్న ఘనపదార్థాల మొత్తం. చేతి మీటరు దాన్ని నేరుగా తూచదు. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో చూసి, ఆ అంకెను ఒక లెక్కతో హెచ్చించి ‘ఇంత ఉండొచ్చు’ అని చూపిస్తుంది. కాల్షియం, మెగ్నీషియం, ఉప్పు, బైకార్బొనేట్లు... అన్నీ కలిపి ఒకే అంకె. ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెబుతుంది కానీ, వాళ్లలో దొంగ ఉన్నాడో లేదో చెప్పదన్నమాట.

ఒక చిన్న లెక్క చూద్దాం. తాగేనీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. మామూలు మీటరు చూపించే అతి చిన్న మెట్టు 1 మిల్లీగ్రాము. అంటే సీసం హద్దుకు వంద రెట్లు ఉన్నా ఆ అంకె ఒక్క మెట్టు కదిలితే గొప్ప. 400 టీడీఎస్‌ ఉన్న నీళ్లలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్‌ కలిసి ఉంటే, అది హద్దుకు రెండింతలు. మీటరు మాత్రం 400 దగ్గరే నిలబడి ‘బాగుంది’ అంటుంది. ఇక పురుగుమందులు, బ్యాక్టీరియా సంగతి సరేసరి. వాటి ఆనవాలు ఈ మీటరుకు అందదు.

అలాగని మీటరు పనికిరాని వస్తువేమీ కాదు. మీ ఆర్‌ఓ పొర పనిచేస్తోందా, మార్చే సమయం వచ్చిందా అని చూసుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది. నీళ్లు మంచివో కాదో తేల్చే తీర్పరి మాత్రం కాదు.

రాయిలోంచి కొంత, మురుగులోంచి కొంత

హైదరాబాద్‌ చుట్టూ ఉన్నది గ్రానైట్‌ నేల. ఈ రాయిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్‌ ఉంటుంది. నీళ్లు పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, రాయిని ఒరుసుకుంటూ ఉంటే అది కొద్దికొద్దిగా కరుగుతుంది. ఎంత కరుగుతుందన్నది ఆ చోటి రాయిని బట్టి, నీళ్ల స్వభావాన్ని బట్టి ఉంటుంది. అందుకే పక్కింటి బోరు పరీక్ష మీ బోరుకు పనికిరాదు.

రెండోది నైట్రేటు. ఇది ఎక్కువగా మనం కలిపేదే. భూగర్భ డ్రైనేజీ రాకముందే ఇళ్లు పెరిగిన చోట ప్రతి ఇంటికీ ఒక సెప్టిక్‌ ట్యాంకు, దానికి నాలుగడుగుల దూరంలో ఒక బోరు. మురుగులోని నత్రజని నేలలో నైట్రేటుగా మారి నీళ్లలోకి దిగుతుంది. ఎరువులు వేసిన పాత పొలాల నుంచీ వస్తుంది. పెద్దవాళ్లకు వెంటనే ఏమీ అనిపించదు. పోతపాలు తాగే ఆరు నెలల లోపు పసిబిడ్డలకు మాత్రం ప్రమాదం. నైట్రేటు ఎక్కువున్న నీళ్లతో పాలు కలిపి పడితే రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తి తగ్గుతుంది. పెదాలు, గోళ్లు నీలిరంగుకు తిరుగుతాయి.

ఇక్కడ చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. ‘కాచి చల్లార్చి పడుతున్నాం కదా’ అనుకుంటారు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేటు పోవు. పైగా కొంత నీరు ఆవిరైపోతుంది కాబట్టి మిగిలిన నీళ్లలో వాటి పాళ్లు కాస్త పెరుగుతాయి.

మూడోది పరిశ్రమల నుంచి వచ్చేది. ఇక్కడికి పడమరన ఉన్న కాటేదాన్‌ పారిశ్రామికవాడ మట్టిని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే పద్ధతిలో పరీక్షించారు. సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్, రాగి అక్కడ ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉన్నాయని 2008లో ప్రచురించారు. అలాంటి చోట్లకు దగ్గరగా బోరు ఉన్నవాళ్లు లోహాల పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది.

‘ఉందా?’ కాదు, ‘ఎంత ఉంది?’

ఫ్లోరైడ్‌ కథ తెలుగునేలకు కొత్తది కాదు. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో, అంటే నేటి పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో, జనం నడుములు బిగుసుకుపోయి వంగిపోతుండేవారు. అది తాగేనీళ్లలోని ఫ్లోరైడ్‌ వల్లేనని షార్ట్‌ అనే వైద్య శాస్త్రవేత్త బృందం 1937లో తేల్చింది. ఆ తర్వాత నల్లగొండ పేరు దేశమంతా వినిపించింది. అక్కడి పిల్లల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్‌) శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ‘లాన్సెట్‌’ పత్రికలో వివరించారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నీరి సంస్థ రూపొందిస్తే, దానికి ‘నల్లగొండ టెక్నిక్‌’ అనే పేరే స్థిరపడింది.

విచిత్రమేమిటంటే ఫ్లోరైడ్‌ పూర్తిగా చెడ్డది కాదు. కొద్దిగా ఉంటే పళ్లకు మేలు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లపై సున్నపు మచ్చలు, గోధుమరంగు గీతలు మొదలవుతాయి. 3 నుంచి 6 మిల్లీగ్రాములున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకల మీదికి వస్తుంది. 10 దాటితే మనిషిని వంచేస్తుంది. మేలుకూ కీడుకూ నడుమ ఉన్నది ఒకటి రెండు మిల్లీగ్రాములే. అందుకే ‘ఫ్లోరైడ్‌ ఉందా?’ అన్న ప్రశ్నకు విలువ లేదు. ‘ఎంత ఉంది?’ అన్నదే ప్రశ్న. ఆ ‘ఎంత’ను తేల్చే విద్యే విశ్లేషణ రసాయనశాస్త్రం. 1966లో ఒక్క ఫ్లోరైడ్‌నే గుర్తుపట్టే ఎలక్ట్రోడ్‌ వచ్చాక ఈ కొలత నిమిషాల పనైంది.

మన చింతపండు గురించి తెలిసింది కూడా ఈ కొలతల వల్లే. బడిపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు పెట్టి, వాళ్ల మూత్రంలో ఫ్లోరైడ్‌ను కొలిచిన ఎన్‌ఐఎన్‌ శాస్త్రవేత్తలు, అది ఒంట్లోంచి ఎక్కువగా బయటికి పోతోందని 2002లో ప్రచురించారు. అంతమాత్రాన చారు తాగితే చాలనుకోకూడదు. నీళ్లు మార్చడమే అసలు మందు.

తూర్పారబట్టే యంత్రాలు

వడ్లు తూర్పారబట్టడం గుర్తుందా? చేటలోంచి వదిలితే గాలికి తాలు దూరంగా పోతుంది, గట్టి గింజ దగ్గరే పడుతుంది. ప్రయోగశాలలోని క్రొమటోగ్రఫీ యంత్రమూ అలాంటి పనే చేస్తుంది. పొడి నింపిన సన్నని గొట్టంలోంచి నమూనాను పంపితే, ఆ పొడిని పట్టుకుని వేలాడే పదార్థాలు ఆలస్యంగా, పట్టుకోనివి తొందరగా బయటికొస్తాయి. అలా విడిపోయిన ఒక్కొక్కదాన్నీ మాస్‌ స్పెక్ట్రోమీటరు తూకం వేస్తుంది. అణువు బరువును, అది విరిగిన ముక్కల బరువులను చూసి ‘ఇది ఫలానా పురుగుమందు, ఇంత ఉంది’ అని పేరు పెట్టి చెబుతుంది. లోహాల కోసమైతే నమూనాను వేల డిగ్రీల వేడి ఉండే ప్లాస్మా మంటలోకి పంపి, విడిపోయిన అయాన్లను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. దాన్ని ఐసీపీ-ఎంఎస్‌ అంటారు.

వీటి చూపు ఎంత నిశితమో తెలియాలంటే ట్యాంకరును తలచుకోండి. పది వేల లీటర్ల ట్యాంకరులో సీసం గ్రాములో పదో వంతు కలిస్తే చాలు, హద్దుకు చేరినట్టే. చిటికెడు ఉప్పుకన్నా తక్కువ! ఐసీపీ-ఎంఎస్‌ దానికన్నా ఎంతో తక్కువనూ పట్టుకుంటుంది.

ఇదేదో మనకు సంబంధం లేని సంగతి అనుకోవద్దు. షుగరున్నవాళ్లు మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్షను చాలా ల్యాబుల్లో చేసేది ఈ తూర్పారబట్టే పద్ధతిలోనే.

ఏలూరు నేర్పిన పాఠం

2020 డిసెంబరు మొదటి వారాంతం. ఏలూరులో ఉన్నట్టుండి జనం పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోట నురగ, వాంతులు, స్పృహ తప్పడం. పిల్లలు, పెద్దలు అన్న తేడా లేదు. కొద్దిరోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది. అసలే కొవిడ్‌ కాలం. వైరస్‌ పరీక్షలు చేస్తే ఏమీ తేలలేదు. చాలామంది కొద్ది గంటల్లోనే తేరుకున్నారు. కానీ ఏమైందో ఎవరికీ అంతుబట్టలేదు.

అప్పుడు మొదలైంది అసలు వెతుకులాట. రక్తం, నీళ్లు, పాలు, కూరగాయల నమూనాలు దిల్లీ ఎయిమ్స్‌కూ, హైదరాబాద్‌లోని ఎన్‌ఐఎన్‌కూ, ఐఐసీటీకీ, ఇతర సంస్థలకూ వెళ్లాయి. కొందరి రక్తంలో సీసం, నికెల్‌ ఎక్కువగా ఉన్నట్టు ఎయిమ్స్‌ మొదట గుర్తించింది. తర్వాత పురుగుమందుల అవశేషాలు బయటపడ్డాయి. ప్రధాన కారణం అవేనన్న అభిప్రాయానికి నిపుణులు వచ్చారు. అవి అంతమంది ఒంట్లోకి ఏ దారిన చేరాయన్నది మాత్రం లోతుగా అధ్యయనం చేయాల్సి ఉందన్నారు.

ఇందులో మనం గమనించాల్సింది రెండు. ఒకటి, యంత్రం ‘ఏముంది, ఎంతుంది’ అన్నది చెబుతుంది. ‘ఎలా వచ్చింది’ అన్నది చెప్పాలంటే నమూనాలు సరైన సమయంలో, సరైన చోట తీసి ఉండాలి. మూర్ఛ వచ్చిన రోజున బిందెలో ఉన్న నీళ్లు మర్నాటికి ఉండవు. రెండు, అంతకు ముందు ఆ నీళ్లలో మామూలుగా ఏముండేదో రాసి పెట్టుకుంటేనే ఇవాళ్టి అంకెకు అర్థం. జబ్బు వచ్చాక చేసే పరీక్షకన్నా, ఏ జబ్బూ లేనప్పుడు చేయించి దాచుకున్న పరీక్షే ఎక్కువ విలువైనది. మన ఇంటి బోరుకూ అంతే.

మందులే కాలుష్యమైతే...

హైదరాబాద్‌కు మరోవైపున పటాన్‌చెరు. అక్కడి మందుల పరిశ్రమల మురుగును సామూహికంగా శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వదిలే నీళ్లను స్వీడన్‌ శాస్త్రవేత్త లార్సన్‌ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. సిప్రోఫ్లాక్ససిన్‌ అనే యాంటీబయోటిక్‌ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ! కొన్ని రకాల బ్యాక్టీరియాను చంపే మోతాదుకు వెయ్యి రెట్లు పైమాటే. అలాంటి నీళ్లలో బతికి బట్టకట్టిన బ్యాక్టీరియా మందుకు లొంగనిదై ఉంటుంది. అదే రేపు మన పాపకు మూత్రంలో ఇన్ఫెక్షన్‌గా వస్తే డాక్టరు రాసిన మొదటి మందు పనిచేయకపోవచ్చు. శుద్ధి చేశామని వదిలిన నీళ్లలో మందులుంటాయని ఎవరూ వెతకలేదు. వెతికి, కొలిచాకే అది ప్రపంచానికి తెలిసింది.

పాలలో మనం వెతికేది ఒకటి, ఉన్నది మరొకటి

పాలంటే యూరియా, డిటర్జెంటు, పిండి కలిపారేమోనన్న భయం. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది. ప్రమాదకరమైన కల్తీ బయటపడినవి 12 మాత్రమే. కానీ అఫ్లటాక్సిన్‌ ఎం1 హద్దు దాటినవి 5.7 శాతం. ఇది ఎవరో కలిపింది కాదు. బూజు పట్టిన దాణా పశువు తింటే, ఆ బూజు విషం మార్పు చెంది పాలలోకి వస్తుంది. కాలేయానికి కీడు చేసే ఈ విషం కాచినా పోదు, ఇంట్లో చేసే ఏ అయోడిన్‌ పరీక్షకూ దొరకదు. కొలిచి చూడబట్టే, పాలను చక్కబెట్టాలంటే మొదట పశువుల దాణాను చక్కబెట్టాలని అర్థమైంది.

పరీక్ష చేయించే పద్ధతి

నమూనా తీయడంలోనే సగం పరీక్ష ఉంది. సీసా మురికిదైతే ఎంత ఖరీదైన యంత్రమైనా మురికినే కొలుస్తుంది.

● రసాయన పరీక్షకు: బోరు నీళ్లను రెండు మూడు నిమిషాలు వదిలేయండి. శుభ్రమైన రెండు లీటర్ల సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి నిండా పట్టండి. కూల్‌డ్రింకు సీసాలు వద్దు.
● బ్యాక్టీరియా పరీక్షకు: ల్యాబు ఇచ్చిన స్టెరైల్‌ సీసానే వాడండి. తొలచొద్దు. మూత లోపల వేలు తగలనివ్వొద్దు. ఐసు పెట్టిన డబ్బాలో, వీలైతే 6 గంటల్లోపు చేర్చండి.
● లోహాల పరీక్షకు: సీసా వేరు. ల్యాబువాళ్లనే అడిగి తీసుకోండి. ఇంటి పైపుల్లోంచి సీసం వస్తోందేమో తెలియాలంటే, రాత్రంతా వాడని కుళాయిలోంచి ఉదయం మొదట వచ్చే నీళ్లు పట్టాలి.
● ఎప్పుడు: వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక మరోసారి. ఎండాకాలంలో లవణాలు, ఫ్లోరైడ్, వానల్లో మురుగు కలయిక బయటపడతాయి.
● ఏవి అడగాలి: పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడ్, నైట్రేటు, ఫ్లోరైడ్, ఇనుము, ఈ-కోలి. ఇవి అందరికీ. పరిశ్రమలు దగ్గరుంటే సీసం, నికెల్, క్రోమియం, ఆర్సెనిక్‌ కూడా.
● ఎక్కడ: నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్‌ ఆఫ్‌ ప్రివెంటివ్‌ మెడిసిన్‌లో నీళ్ల పరీక్షలు చేస్తారు. ప్రైవేటు ల్యాబైతే ఎన్‌ఏబీఎల్‌ గుర్తింపు ఉందో లేదో, ఆ గుర్తింపు మీరు అడిగే పరీక్షకు వర్తిస్తుందో లేదో చూడండి. అపార్ట్‌మెంటు సంఘం తరఫున చేయిస్తే ఖర్చు తలా కొంచెమే.

రిపోర్టులో చూడాల్సిన అంకెలు

భారతీయ ప్రమాణం ఐఎస్‌ 10500 ప్రకారం, లీటరుకు మిల్లీగ్రాముల్లో:

● టీడీఎస్‌: 500 వరకు మంచిది. వేరే దారి లేకపోతే 2,000 వరకు.
● కాఠిన్యం: 200 వరకు. దారి లేకపోతే 600.
● ఫ్లోరైడ్‌: 1.0 వరకు. దారి లేకపోతే 1.5.
● నైట్రేటు: 45. దీనికి సడలింపు లేదు.
● సీసం: 0.01. సడలింపు లేదు.
● నికెల్‌: 0.02. సడలింపు లేదు.
● పీహెచ్‌: 6.5 నుంచి 8.5 మధ్య (దీనికి మిల్లీగ్రాముల లెక్క లేదు).
● ఈ-కోలి: 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా కనిపించకూడదు.

రిపోర్టులో కొన్నిచోట్ల అంకె బదులు ‘బీడీఎల్‌’ అని ఉంటుంది. ‘లేదు’ అని కాదు దాని అర్థం. ‘మా యంత్రం చూడగలిగినదానికన్నా తక్కువ ఉంది’ అని. ఆ యంత్రం ఎంతవరకు చూడగలదో అడగండి. సీసం హద్దు 0.01 అయితే, 0.1 కన్నా తక్కువను చూడలేని పద్ధతిలో పరీక్షించి ‘బీడీఎల్‌’ అని రాసిన కాగితానికి విలువ లేదు. మళ్లీ చేయించుకోవాల్సిందే.

అంకె చూశాక ఏం చేయాలి?

● కాఠిన్యం ఒక్కటే ఎక్కువైతే కంగారు వద్దు. జుట్టు, బట్టలు, గీజరు పాడవుతాయి కానీ అది విషం కాదు. కిడ్నీలో రాళ్లకు మాత్రం డాక్టరుతోనే మాట్లాడండి.
● ఫ్లోరైడ్‌ లేదా నైట్రేటు హద్దు దాటితే ఆ నీళ్లు తాగడానికీ వంటకూ రెంటికీ మానేయండి. తాగేనీళ్లు మార్చి, అన్నం పప్పు అవే నీళ్లతో వండితే సగమే మేలు. సరఫరా నీళ్లుంటే అవే మొదటి దారి. లేకపోతే ఆర్‌ఓ. మామూలు క్యాండిల్‌ ఫిల్టరు, యూవీ ఫిల్టరు వీటిని తీయలేవు.
● ఈ-కోలి ఒక్కటే సమస్య అయితే ఆర్‌ఓ అక్కర్లేదు. కాచడం, క్లోరిన్, యూవీ సరిపోతాయి. సంపు, పైట్యాంకు కడిగించి, మురుగు ఎక్కడ కలుస్తోందో వెతికించండి.
● టీడీఎస్‌ 500 లోపు ఉండి, మిగతావన్నీ హద్దులో ఉంటే ఆర్‌ఓ పెట్టి బకెట్ల కొద్దీ నీళ్లు కాలువపాలు చేయనక్కర్లేదు. ఇలాంటిచోట్ల ఆర్‌ఓను నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్‌ 2019లోనే చెప్పింది.
● ఆర్‌ఓ పెట్టాక దాని నీళ్లనూ ఒకసారి పరీక్ష చేయించండి. పొర పాడైతే ముందు తెలిసేది అక్కడే.
● ఆహార పదార్థం మీద అనుమానం వస్తే, రుసుము కట్టి ఫుడ్‌ అనలిస్టుతో పరీక్ష చేయించుకునే హక్కు కొన్నవారికి ఆహార భద్రతా చట్టం ఇచ్చింది. రాష్ట్ర ఆహార ప్రయోగశాల నాచారంలో ఉంది.

పిల్లల ముందుపళ్లపై సున్నపు మచ్చలు కనిపించినా, పెద్దవాళ్లు మెడ, నడుము వంచలేకపోతున్నామన్నా కాల్షియం మాత్రలతో సరిపెట్టకండి. ‘మేం తాగేది బోరు నీళ్లు’ అని డాక్టరుకు చెప్పండి, రిపోర్టు ఉంటే చూపించండి. రిపోర్టులన్నీ టీకాల కార్డుతో పాటు ఒకే ఫైల్లో పెట్టుకోండి. రెండేళ్ల అంకెలు పక్కపక్కన ఉంటే నీళ్లు బాగుపడుతున్నాయో, పాడవుతున్నాయో ఇంట్లో ఎవరైనా చెప్పగలరు.